తింటే తిన్నరు గానీ...

ఖైరతాబాద్ చౌరస్తాలో ఇంజినీరు విశ్వేశ్వరయ్య విగ్రహం రాగానే మా మేనమామ బండి నెమ్మది చేసి దండం పెడతాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా పట్టించుకోడు. ఆ తర్వాత ఇరానీ హోటల్, చాయ్. చాయ్ వచ్చాక దేశం.

మామ ఒక ప్రభుత్వ శాఖ అకౌంట్స్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. అవినీతి అంటే ఆయనకు ఒళ్లుమంట అనుకునేరు. కాదు, చేతగాని అవినీతి అంటేనే మంట.

"తింటే తిన్నరు. పని చెయ్యాల్నా వద్దా?" ఆయన రాజ్యాంగం మొత్తం ఇంతే.

ఈ లెక్కన బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు మీద ఆయనకు పెద్ద కోపం లేదు. 64 కోట్ల ముడుపులని 1987లో మొదలైన గోల 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీని దించేదాకా ఆగలేదు. "గానీ 1999ల కార్గిల్ కొండల మీద ఆ ఫిరంగి పేలిందా లేదా?" అని బల్ల గుద్దుతాడు. పక్క టేబుల్ వాళ్లు కూడా పేలిందని ఒప్పుకునేదాకా వదలడు.

2001 నాటి తెహల్కా స్టింగ్ మాటెత్తితే మాత్రం మొహం మాడిపోతుంది. బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా ఉన్న మన హైదరాబాదీ బంగారు లక్ష్మణ్, ఆయుధ వ్యాపారుల వేషంలో వచ్చిన విలేకరుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకు చిక్కారు. 2012లో సీబీఐ కోర్టు నాలుగేళ్ల జైలు శిక్ష వేసింది. "లేని కంపెనీ, లేని సరుకు! మా సెక్షన్ల ప్యూను గూడ ముందు పార్టీ ఎవరని అడిగేటోడు."

ఇక సత్యం కంప్యూటర్స్ సంగతి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని తేలింది. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి చక్కటి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు. మామలోని అకౌంటెంటుకు తగిలిన దెబ్బ అది. "ఉన్న పైసలు లేవని రాసుడు సర్వీసంత చూసిన. లేని పైసలు ఉన్నయని రాసుడేంది అల్లుడా!"

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడైతే దండంతో సరిపెట్టలేదు. బండి దిగి, చెప్పులు విప్పి, విశ్వేశ్వరయ్యకు రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పుకున్నాడు. "సారూ, మీరు జెప్పిన ఉస్మాన్‌సాగర్ 1920ల కట్టిన్రు. ఇంక నిలవడే ఉన్నది." ట్రాఫిక్ పోలీసు వచ్చి కదిలించాడు.

ఇంతా చేసి, సర్వీసులో మామ ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. "తిననోడివి, ఊరోళ్ల తిండి లెక్కలు నీకెందుకయ్యా?" అంటుంది అత్త. ఆ ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు.

మొన్న ఒక ఆఫీసులో నా కాగితం ఆగిపోయింది. గుమస్తా అయిదొందలు పుచ్చుకున్నాడు, ఫైలు కదల్లేదు. మామ చెవిన వేశాను. "తీస్కున్నడా? తీస్కొని చెయ్యలేదా?" అని అగ్గిమీద గుగ్గిలమై, నన్ను బయట నిలబెట్టి లోపలికి దూసుకెళ్లాడు. కాసేపటికి చేతిలో అయిదొందల నోటుతో, మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"నీ పని తనతోని కాదట. పైసలు వాపస్ ఇచ్చిండు. ఎంత నిజాయితీపరుడు అల్లుడా!"

ఇప్పుడు చుట్టాల్లో ఎవరికి ఆ ఆఫీసులో పనిపడ్డా, మామ ఆ గుమస్తా దగ్గరికే పంపిస్తున్నాడు.