తిరిగొస్తానని ఒకచోట, రానని ఇంకోచోట

అమెరికా వలస చట్టం 1952 నాటిది. అందులో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. మన కోర్టుల్లో నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి. ఆ సెక్షన్ ఎదుట నిలబడ్డ కుర్రాడు మాత్రం, చదువైపోయాక తిరిగొచ్చేస్తానని రుజువు చేసుకునేదాకా, అక్కడే పాతుకుపోడానికి బయల్దేరినవాడి కిందే లెక్క. పాత ఐపీసీలో 420 తప్ప ఇంకో సెక్షన్ తెలియని అనకాపల్లి జిల్లా వడ్డాది పెద్దలు కూడా ఇప్పుడు టీ కొట్టు బల్ల మీద కూర్చుని 214(బి) గురించి తీర్పులిచ్చేస్తున్నారు.

"ఆళ్ళ గుంటడికి ఏటయిందిరా?"

"రెండొందల పద్నాలుగు బీ కొట్టీసాడంట మావా."

"అయ్యో! చేను అమ్మీసేరు కదా మరి?"

"అందుకే కొట్టీసేడంతన్నారు. ఇక్కడ ఏటీ లేనోడు తిరిగెందుకొస్తాడని."

ఈ చివరి ముక్కలో ఉన్నంత న్యాయశాస్త్రం ఏ ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరా దొరకదు. వెళ్ళడానికి డబ్బు చూపించాలి. డబ్బు కోసం భూమి అమ్మాలి. తిరిగొస్తాడనడానికి ఆ భూమే సాక్ష్యం. అంటే సాక్ష్యాన్ని అమ్ముకుంటే తప్ప సాక్ష్యం చెప్పడానికి టిక్కెట్టు దొరకదు.

వడ్డాదికి వలస కొత్తేమీ కాదు. ఒకప్పుడు దీని పేరు ఒడ్డాది, మత్స్య వంశపు రాజులు ఏలిన చోటు. దిబ్బిడ శాసనం చెప్పే కథ ప్రకారం ఉత్కళ రాజు జయత్సేనుడు మత్స్య వంశీయుడైన సత్యమార్తాండుడికి పిల్లనిచ్చి, ఈ సీమ మీద కూర్చోబెట్టాడు. నేటి భాషలో చెప్పాలంటే ఆ అల్లుడు డిపెండెంట్ వీసా మీద వచ్చి సెటిలైపోయాడు. మళ్ళీ ఎప్పుడు వెళ్తావయ్యా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మన చరిత్ర పుస్తకంలో ఒక రాజవంశం తగ్గేది.

ఇప్పుడు అంత సులువు కాదు. అన్నిటికంటే ముందు బ్యాంకు దాటాలి. ఎమ్మెస్‌కి ముప్ఫై లక్షలో నలభయ్యో కావాలి. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి. రైతు పట్టాదారు పాసు పుస్తకం, వన్‌-బీ, అడంగల్ అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్తాడు. మేనేజరు గారు మర్యాదగా కుర్చీ చూపించి, "ఇది వ్యవసాయ భూమి కదండీ" అంటారు. సర్ఫేసీ అని 2002లో ఒక చట్టం వచ్చింది. అప్పు ఎగ్గొట్టినవాడి ఆస్తిని కోర్టు మెట్లెక్కకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు గానీ, వ్యవసాయ భూమి జోలికి పోకూడదు. రైతుని కాపాడ్డానికి పెట్టిన మినహాయింపు అది. ఎంత గట్టిగా కాపాడిందంటే, నాలుగు తరాలకి అన్నం పెట్టిన చేను హామీకి పనికిరాకుండా పోయింది. అదే విశాఖలో రెండొందల గజాల స్థలం ఉందనుకోండి, అందులో తుప్పలు తప్ప ఏమీ మొలవకపోయినా మేనేజరు గారు టీ తెప్పిస్తారు.

సరే, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలున్నాయి. వాళ్ళకి పొలం అక్కర్లేదు. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, అయ్యాక అక్కడ జీతమెంత, అదీ వాళ్ళ లెక్క. వడ్డీ పన్నెండు శాతం అనుకుందాం. నలభై లక్షలకి ఏడాదికి 4 లక్షల 80 వేలు, అంటే నెలకి నలభై వేలు వడ్డీకే. చదువై ఇంటికొచ్చి, హైదరాబాదులో కొత్తగా చేరినవాడికి చేతికొచ్చే జీతం కూడా ఇంచుమించు అంతే. అసలు సంగతి అప్పిచ్చేవాడికి బాగా తెలుసు. కుర్రాడు తిరిగొస్తే అప్పు తిరిగి రాదు. కాబట్టి అప్పు కిటికీ దగ్గర సరైన జవాబు, "అక్కడే ఉద్యోగం చేస్తానండీ."

కొన్ని వారాల తర్వాత అదే కుర్రాడు, అదే చొక్కా ఇస్త్రీ చేయించుకుని హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో, అమెరికా కాన్సులేట్‌లో ఇంకో కిటికీ ముందు నిలబడతాడు. అక్కడ సరైన జవాబు, "చదువవగానే మా ఊరొచ్చేస్తానండీ."

రెండు జవాబుల్లో ఒకటి అబద్ధం కాక తప్పదు. ఏది అబద్ధమో అప్పిచ్చినవాడికి తెలుసు, వీసా అధికారికి తెలుసు, కుర్రాడికీ తెలుసు. విచిత్రమేమంటే ఇటు తిరిగొస్తానని ఒట్టు వేయించుకున్న ప్రభుత్వమే, అటు చదువయ్యాక ఓపీటీ పేరుతో ఏడాది, స్టెమ్ కోర్సయితే ఇంకో 24 నెలలు ఉద్యోగం చేసుకోనిస్తుంది. ఆ విషయం వాళ్ళ వెబ్‌సైటులోనే ఉంటుంది. కిటికీ దగ్గర మాత్రం ఎత్తకూడదు. పెళ్ళిచూపుల్లో కట్నం మాట ఎత్తకూడదు చూడండి, అలాగ.

ఎత్తకుండా ఎలా మాట్లాడాలో విశాఖ ద్వారకానగర్‌లో నేర్పుతారు. మాక్ ఇంటర్వ్యూ అంటారు దాన్ని. మేడ మీద గదిలో ఏసీ వేసి, టై కట్టుకున్న కుర్రాడొకడు వీసా అధికారి వేషం కడతాడు. వాడికి మూడుసార్లు కొట్టేశారని బయట చెప్పుకుంటారు, అనుభవజ్ఞుడన్నమాట. వాడు రాసిచ్చిన జవాబు ఇలా ఉంటుంది: "మా నాన్నగారు చెరకు రైతు. నేను డేటా అనలిటిక్స్ చదివొచ్చి మా ప్రాంతంలో చెరకు దిగుబడి పెంచుతాను." బాగుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలి బకాయిల కోసం కళ్ళు కాయలు కాచిన రైతులకి ఎన్ని టన్నులు పండుతుందన్నది ఎప్పుడూ సమస్య కాలేదు. డబ్బులెప్పుడు పడతాయో చెప్పే కోర్సు ఏ అమెరికా యూనివర్సిటీలో అయినా ఉంటే, దానికి కుర్రాళ్ళని కాదు, తండ్రులనే పంపాలి.

దరఖాస్తు నింపడం ఇంకో వేడుక. డీఎస్‌-160 అనే ఆ ఫారం చోడవరం నెట్ సెంటర్లో నింపుతుంటే ఎప్పుడైనా పక్కన కూర్చోండి. కంప్యూటర్ కుర్రాడు గబగబా నొక్కుకుంటూ పోతుంటాడు. తండ్రి ఊరుకోడు.

"ఏటడుగుతంది బావూ?"

"నరమేధం ఎప్పుడైనా చేసేరా అనడుగుతంది పెదనాన్నా."

"లేదని రాయి. ఇంకేటి?"

"పిల్లల్ని సైన్యంలో చేర్చుకున్నారా, బలవంతంగా ఎవరి అవయవాలైనా తీసీసేరా అని."

"ఈడు ఇంజినీరింగే నాలుగేళ్ళలో పూర్తి సెయ్లేదు, ఇయ్యన్నీ ఎప్పుడు సేస్తాడు? లేదని రాయి."

ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి, నేను కల్పించినవి కావు. అన్నిటికీ లేదు, లేదు అని నొక్కుకుంటూ వెళ్ళి చిరునామాలో జిల్లా దగ్గర ఆగుతారు. 2022 ఏప్రిల్‌లో వడ్డాది విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. ఊరు అంగుళం కదల్లేదు. పాస్‌పోర్టు మాత్రం ఒక జిల్లాలో, ఆధార్ ఇంకో జిల్లాలో ఉండిపోయాయి. నరమేధం విషయంలో లేని కంగారంతా అక్కడ పుడుతుంది.

దరఖాస్తుకి 185 డాలర్లు, సెవిస్ పేరుతో ఇంకో 350. మన లెక్కలో 45 వేలకి పైమాటే. కిటికీ దగ్గర మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం మోసుకెళ్ళిన ఫైల్లో చార్టర్డ్ అకౌంటెంట్ నెట్‌వర్త్ సర్టిఫికెట్ ఉంటుంది, ఇంజినీరు కట్టిన ఆస్తి విలువ ఉంటుంది, ఎమ్మార్వో సంతకం ఉంటుంది. అధికారి చాలాసార్లు ఆ ఫైలు తెరవమనే అనడు. 2023-24లో ప్రపంచం మొత్తమ్మీద అమెరికా విద్యార్థి వీసా దరఖాస్తుల్లో 41 శాతం తిరస్కరించారు. భీమిలి-నర్సీపట్నం రోడ్డు కంతల్లో ఎగిరెగిరి వచ్చిన ఫైళ్ళు అందులో ఎన్ని ఉన్నాయో!

2025 జూన్ నుంచి ఇంకో ముచ్చట. విద్యార్థి వీసాకి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. అమెరికాకి, అక్కడి సంస్థలకి వ్యతిరేకంగా ఏమైనా రాశాడేమో చూస్తారట. నూకాంబిక జాతరలో పులివేషం పక్కన తీసుకున్న రీలు, హీరో అభిమానుల మధ్య బూతుల యుద్ధం, రోడ్డు కంతలో నాటిన అరటి మొక్క ఫొటో, ఇవీ మన కుర్రాడి అంతర్జాతీయ రాజకీయాలు. పదిహేను రోజులుగా చెరుపుతూ కూర్చున్నాడు. ఇప్పుడు ఖాతాలో వాళ్ళమ్మ పుట్టినరోజు కేకు తప్ప ఏమీ లేదు. మరీ ఇంత శుభ్రంగా ఉంటే దాచాడని అనుమానిస్తారని ద్వారకానగర్ నిపుణుడు అంటే, మళ్ళీ రెండు సూర్యోదయాలు పెట్టాడు.

అమెరికా వద్దనుకుంటే వేరే దేశాలు లేవా అంటారు. ఉన్నాయి. జర్మనీ ముందుగానే 11,904 యూరోలు ఖాతాలో పెట్టి తాళం వేసుకోమంటుంది, నెలనెలా కొంచెం వదులుతుంది. ఆస్ట్రేలియా దరఖాస్తు రుసుమే 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, కొట్టేసినా వెనక్కి రాదు. బ్రిటన్ వాళ్ళది మాత్రం అందమైన నియమం: చూపించిన డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. మన వైపు దీని చుట్టూ ఒక పరిశ్రమే పుట్టింది. ఇరవై లక్షలు ఒక కుర్రాడి ఖాతాలో 28 రోజులు కునుకు తీస్తాయి. మర్నాడు లేచి పక్కవీధి కుర్రాడి ఖాతాలోకి పడుకోడానికి వెళ్తాయి. ఒకే సొమ్ము ఏడాదిలో ఎంతమందిని లండన్ పంపుతుందో లెక్కేసుకోండి. సొంతదారుడు మాత్రం విశాఖ దాటి ఎరగడు.

అడ్డదారుల్లో మనవాళ్ళదే పైచేయి అనుకుంటాం గానీ, ఆ పోటీలో అమెరికా సర్కారే మనల్ని ఓడించింది. డెట్రాయిట్ దగ్గర యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని ఒకటుండేది. లాటిన్ నినాదం, చిహ్నం, వెబ్‌సైటు, అన్నీ ఉండేవి. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్ళు లేరు. ఉన్నది వలస విభాగం వాళ్ళ రహస్య ఏజెంట్లు. ప్రభుత్వమే యూనివర్సిటీ పెట్టి, ప్రభుత్వమే ఫీజులు వసూలు చేసి, 2019 జనవరి చివర్లో ప్రభుత్వమే తలుపులు తట్టింది. మొదటి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. క్లాసులు లేని చోట ఎందుకు చేరావని విద్యార్థిని అడగడం న్యాయమే. క్లాసులు చెప్పకుండా ఫీజెందుకు తీసుకున్నారని ఒక విద్యార్థి వేసిన దావాని కోర్టు విచారించొచ్చని అక్కడి అప్పీళ్ళ కోర్టు చెప్పడానికి 2024 దాకా పట్టింది.

దేవుడైనా చూసుకుంటాడనుకుంటే ఆయనకీ పరిధి సమస్య ఉంది. వడ్డాది కొండ మీద సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామే ఉన్నాడు. కల్యాణాలు చేయించాం, మొక్కులు తీర్చాం. అయినా వీసా శాఖ చిలుకూరు స్వామికే ఇచ్చారట. అక్కడ పదకొండు ప్రదక్షిణలు చేస్తే వీసా, వచ్చాక నూట ఎనిమిది. అమెరికా కాన్సులేట్ కంటే ఈ పద్ధతే నయం. కోరిక తీరకపోతే నూట ఎనిమిదీ అడగరు.

చిలుకూరూ అయింది, వీసా వచ్చింది. అయినా కథ ముగియలేదు. వీసా ఉంటే విమానం ఎక్కొచ్చు గానీ, లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అక్కడ విమానాశ్రయంలో ఉన్న అధికారి ఇష్టం. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి ఒకే రోజు 21 మంది భారతీయ విద్యార్థుల్ని వెనక్కి పంపేశారు. ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ పిల్లలే. తిరిగొస్తానన్న మాట అంత వేగంగా నిలబెట్టుకున్నవాళ్ళు వాళ్ళొక్కళ్ళే.

ఇంత తతంగంలో నష్టపోనివాడు ఒక్కడున్నాడు. కన్సల్టెన్సీవాడు. "కౌన్సెలింగ్ ఉచితం" అని బోర్డు పెడతాడు. పిల్లవాడు చేరగానే చాలా యూనివర్సిటీలు వాడికి కమిషన్ ఇస్తాయి, అందుకే ఉచితం. ఏ యూనివర్సిటీ మంచిదని అడిగితే వాడు చెప్పే పేరు కమిషన్ ఎక్కువిచ్చేవాళ్ళదే కానక్కర్లేదు, అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వచ్చే సీజన్‌కి కొడుకునో కూతుర్నో తీసుకుని ద్వారకానగర్ మేడ మెట్లెక్కుతున్న తల్లిదండ్రులకి ఒక విన్నపం. మా పిల్లని చేరిస్తే ఆ యూనివర్సిటీ మీకెంత ఇస్తుందని ముందు అడగండి. జవాబొచ్చాకే సంచిలోంచి పాసు పుస్తకం బయటికి తీయండి.