నీరు పల్లమెరుగు, గుంత ఫొటో ఎరుగు

ఇంటింటా ఇంకుడు గుంత ఉండి తీరాలన్న ప్రకటన ఈ ఏడు కూడా రానే వచ్చింది కనుక, హైదరాబాద్ కాలనీల్లో గునపాలకూ కంకర లారీలకూ మళ్లీ మంచి రోజులు వచ్చాయనే అనుకోవాలి. పైకప్పు మీద పడిన వాన నీటిని రాళ్లు, ఇసుక పొరల మీదుగా భూమిలోకి దింపే ఈ గుంత మీద పాలకుల మమకారం నిన్నమొన్నటిది కాదు. 2000లో ‘నీరు-మీరు’ కార్యక్రమం వచ్చింది, 2002లో ‘వాల్టా’ అని అందరూ పిలిచే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, ఆ తర్వాత రాష్ట్రమే రెండైంది, కానీ గుంత మాత్రం ఏ ప్రభుత్వానికీ కానిది కాలేదు. తవ్విన గుంతలను లెక్కపెట్టడమే తప్ప పూడిన గుంతలను తీసివేసే లెక్క ఎక్కడా కనిపించదు కాబట్టి, బోర్లు ఎండినా అంకె ఎండదు.

ఈ మహత్కార్యంలో అన్నిటికన్నా ముచ్చటైనది పైపు. మేడ మీది నీటిని కిందికి తెచ్చే నాలుగంగుళాల పీవీసీ పైపు గోడ వెంట బుద్ధిగా దిగివచ్చి, నేలకు జానెడు ఎత్తున ఒక బెండు తిరిగి, గేటు వైపు నోరు తెరుస్తుంది. గుంత ఉండేది ఆ దరిదాపుల్లో కాదు. పైపులు నైరుతిలో దిగినా సరే, నీటికి సంబంధించినది గనుక వాస్తు ప్రకారం అది ఈశాన్యంలోనే ఉండాలి. నడుమ పరిచిన టైల్స్ వాలు రోడ్డు మీదికి ఉంటుంది, గుంత చుట్టూ పిల్లలు పడకుండా అరడుగు ఇటుక గట్టు ఉంటుంది. అంటే వాన నీరు భూగర్భ జలంగా మారాలనుకుంటే వాలుకు ఎదురెక్కి, ముంగిలి దాటి, గట్టెక్కి లోపలికి దూకాలి. నీరు పల్లమెరుగునన్న సామెతను ఇంజనీర్లూ మేస్త్రీలూ కలిసి ఇలా రద్దు చేశారు.

ఆ పైపును గుంత దాకా పొడిగించడానికి కావలసింది మరికొన్ని మీటర్ల గొట్టం, రెండు బెండ్లు, పూటపాటు పని. అయినా ఆ ముక్క వేయరు. ‘గుంత ఉన్నదా లేదా అనే చూస్తరు సార్, పైపెవలు చూస్తరు’ అనే మేస్త్రీ సూత్రం ముందు ఏ జలశాస్త్రమూ నిలవదు. తనిఖీకి కావలసిన ఫొటోలో గుంత, దాని పక్కన నిలబడిన యజమాని, మూత మీద ఆకుపచ్చ రంగుతో రాసిన ‘నీటిని కాపాడండి’ పడితే చాలు. పైపు ఫొటో అంచు బయట ఉంటుంది. తర్వాత మూత మీదికి తులసి కుండీ వస్తుంది, లోపలికి బొట్టయినా పోని ఆ గుంతకు ఏటా పండుగకు సున్నం మాత్రం తప్పదు.

దీనిని చూసి నవ్వుకోవడానికి ఈ నగరానికి తీరిక ఎక్కడిది? వంద చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది గనుక, అయిదో వంతు వృథా పోయిందనుకున్నా ఒక్క ఇంటి కప్పు నుంచి 64 వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండుకు పైగా. అది గేటు దాటించి నాలాలోకి తోలేసి, 2020 అక్టోబరులో వీధుల్లో పడవలు తిప్పుకున్న నగరమే వేసవి రాగానే ట్యాంకర్ కోసం ఫోను పట్టుకుని కూర్చుంటే, దానిని ప్రకృతి వైపరీత్యం అనడం సిగ్గుమాలిన అబద్ధం. ఇక్కడ కింద ఉన్నది గ్రానైటు రాయి, దాని పగుళ్లలో పట్టే నీరే కొద్ది. ఆ కొద్దిని వందల అడుగుల బోరుతో తోడుకోవడం వచ్చిన చదువుకు పైపు అతికించడం రాదా? తప్పు చేసినది మేస్త్రీ ఒక్కడే కాదు, చూడకుండా సంతకం పెట్టినవాడూ, చూడరని తెలిసి కట్టించినవాడూ అందులో భాగస్వాములే.

మిగిలినవి చిన్న చిన్న ఘనకార్యాలు. తొలి జల్లులో వచ్చే దుమ్మును, పిట్టల రెట్టను పక్కకు మళ్లించే అమరికను ‘ఫస్ట్ ఫ్లష్’ అంటారు. అది అంచనా కాగితంలో ఉంటుంది, గోడ మీద ఉండదు. కంకర, ఇసుక పొరలు ఉండవలసిన చోట ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలుంటాయి. నీటిని నిల్వ చేసుకుంటామన్న శ్రద్ధాళువులు పెట్టే అయిదు వందల లీటర్ల డ్రమ్ము ఆ పైకప్పు కింద అయిదారు మిల్లీమీటర్ల వానకే నిండిపోతుంది, పొర్లిన నీటికి దారి చూపే గొట్టం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తనిఖీ అధికారి వేసవిలో టేపు పట్టుకుని గుంత లోతు కొలిచే బదులు, మేడ మీదికెక్కి ఒక డ్రమ్ము నీళ్లు కుమ్మరించి, కిందికి దిగి గుంతలోకి తొంగి చూస్తే పది నిమిషాల్లో అంతా తేలిపోతుంది. ఆ పని ఏ ఒక్క వార్డులో మొదలుపెట్టినా, మరుసటి పూటకే ఆ వీధి హార్డ్‌వేర్ దుకాణంలో బెండ్లు దొరకవు.