పొగను పట్టినట్టు కనబడటం ఎలా?

మీకు ఒక థర్మల్ కేంద్రమో, సిమెంటు ఫ్యాక్టరీయో, గ్యాసు బావో ఉందనుకుందాం. ఎండలు ముదిరిపోతున్నాయని ఊరూవాడా మీ చిమ్నీ వైపు వేలు చూపిస్తున్నారు. మీరేమో పొయ్యి ఆర్పలేరు. కంగారు పడకండి. చిమ్నీలోంచి పోయే కార్బన్ డయాక్సైడును పట్టి భూమి అడుగున పాతిపెట్టే విద్య ఒకటుంది, కార్బన్ క్యాప్చర్ అంటారు. దాన్ని నేర్చుకోమని నేను చెప్పను, నేర్చుకున్నట్టు కనబడటం ఎలాగో చెబుతాను. ఈ దారిలో నడిచిన పెద్దలు చాలామంది ఇప్పటికీ క్షేమంగానే ఉన్నారు.

అన్నిటికంటే ముందు ప్రకటన. యంత్రం తర్వాత సంగతి. అమెరికాలో ఫ్యూచర్‌జెన్ అనే పథకాన్ని 2003లో బుష్ ప్రభుత్వం ప్రకటించింది, 2008లో అదే ప్రభుత్వం వద్దనుకుంది. ఒబామా వచ్చాక రూపు మార్చి మళ్ళీ లేపారు, 2015లో మళ్ళీ పడుకోబెట్టారు. పన్నెండేళ్ళు వార్తల్లో నిలిచింది, ఒక్క టన్ను పాతిన పాపాన పోలేదు. ఇంకాస్త ఘనంగా ఉండాలనుకుంటే మిసిసిపీ రాష్ట్రంలోని కెంపర్ కేంద్రాన్ని చూసి నేర్చుకోండి. 300 కోట్ల డాలర్లలోపు అవుతుందన్న ఖర్చు 750 కోట్లకు ఎగబాకింది. 2017లో బొగ్గు పని మానేసి మామూలు సహజవాయువుతో నడుపుకున్నారు. 2021లో ఆ బొగ్గు యంత్రాలను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. కూల్చినా పేపర్లో ఫోటో పడుతుంది కదా, ఆ లాభం పోదు.

అంకెలు చెప్పేటప్పుడు ‘పట్టాం’ అనే మాట నోట రానివ్వకండి. ‘పట్టగలం’ అనండి. ఆస్ట్రేలియాలో బారో దీవి మీద గోర్గాన్ అనే పెద్ద గ్యాసు ప్రాజెక్టు ఉంది. ఏడాదికి 40 లక్షల టన్నులు పాతగలమన్నారు. గ్యాసు అమ్మకం 2016లో మొదలైంది, పాతిపెట్టడం 2019 ఆగస్టులో. ఆ మూడేళ్ళూ గ్యాసు ఓడెక్కింది, కార్బన్ డయాక్సైడు ఆకాశమెక్కింది. తర్వాత బావుల్లో ఇసుక చేరిందన్నారు, అడుగున నీటి ఒత్తిడి పెరిగిందన్నారు. అన్న దాంట్లో సగం కూడా పాతని సంవత్సరాలున్నాయి. కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు కేంద్రం 2014లో ఏడాదికి పది లక్షల టన్నులు పడతానని మొదలైంది, ఆ మాట నిలబెట్టుకున్న ఏడాది లేదు. అయినా ప్రపంచ సామర్థ్యం లెక్క కట్టేటప్పుడు అందరి ‘పట్టగలం’ కలిపే చెబుతారు, ఏడాదికి సుమారు 5 కోట్ల టన్నులని. వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైమాట. 37 వేల రూపాయల బాకీకి 50 రూపాయలు చేతిలో పెట్టి, రసీదు మాత్రం పెద్దక్షరాలతో రాయించుకున్నట్టుంటుంది. ఈ రెండు అంకెల్నీ ఒకే పేజీలో రాయకండి.

లోపలికి దిగి చూస్తామని విలేకరులు వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టండి. చూడటానికి అక్కడ వింతేమీ లేదు. ఎత్తయిన స్తంభం, పైనుంచి అమీన్ ద్రావణం వానలా కారుతుంటుంది, కిందనుంచి పొగ పైకి వస్తుంటుంది. దారిలో ఎదురుపడ్డ కార్బన్ డయాక్సైడును అమీన్ పట్టుకుంటుంది. ఆ ద్రావణాన్ని పక్క స్తంభంలోకి తోడి ఆవిరితో 120 డిగ్రీల దాకా కాస్తే పట్టినదాన్ని వదిలేస్తుంది. ఈ కిటుకుకు 1930లోనే పేటెంటు ఉంది. అంచేత ‘కొత్త టెక్నాలజీ, కాస్త టైమివ్వండి’ అనే ముందు ఆ సంవత్సరం తెలిసినవాడు గదిలో లేడని చూసుకోండి. అసలు ఇబ్బంది ఆవిరితో. అది టర్బైను తిప్పాల్సిన ఆవిరి. అది ఇటు మళ్ళితే కేంద్రం తయారుచేసే కరెంటులో అయిదో వంతో, ఇంకా ఎక్కువో తగ్గిపోతుంది. తగ్గిన కరెంటు కోసం ఇంకాస్త బొగ్గు, ఆ బొగ్గుకు ఇంకాస్త పొగ. విలేకరి ఇంతవరకు వచ్చాడంటే రెండో టీ ఇవ్వండి.

పట్టినదాన్ని ఊరికే పాతిపెడితే డబ్బు దండగ. చమురు బావికి అమ్మండి. బావిలోకి తోస్తే అడుగున అంటుకుపోయిన చమురు పలచబడి పైకొస్తుంది, టెక్సస్‌లో 1972 నుంచి చేస్తున్న పనే. ఆ చమురు మళ్ళీ ఎక్కడో కాలుతుంది, అది వేరేవాళ్ళ ఖాతా. టెక్సస్‌లోనే పెట్రా నోవా అనే యూనిట్ దాదాపు 100 కోట్ల డాలర్లతో 2017లో మొదలైంది. 2020లో చమురు ధర పడిపోగానే ఆగింది. ధర కోలుకున్నాక 2023లో మళ్ళీ తెరిచారు. భూగోళం చల్లబడాలంటే ముందు ముడిచమురు వేడెక్కాలన్నమాట.

గొట్టం ఏ ఊరి పక్కనుంచి పోతుందో ఆ ఊరివాళ్ళకు ఏమీ చెప్పకండి, అనవసరంగా ప్రశ్నలు పుడతాయి. మిసిసిపీలో సటార్షియా అనే చిన్న ఊరుంది. 2020 ఫిబ్రవరి 22 సాయంత్రం, వానలకు నానిన నేల జారి దగ్గర్లోని కార్బన్ డయాక్సైడు పైపు పగిలింది. గాలికంటే బరువైన గ్యాసు కదా, నేలబారుగా ఊళ్ళోకి పాకింది. తప్పించుకుందామని కార్లెక్కినవాళ్ళకు ఇంజన్లు ఆగిపోయాయి, మండటానికి ఆక్సిజన్ లేక. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు, 200 మందిని ఖాళీ చేయించారు. ఎవరూ చనిపోలేదు. ఈ చివరి వాక్యాన్ని మీ కరపత్రంలో మొదటి వాక్యంగా వాడుకోండి.

మన దగ్గరైతే ఉపన్యాసానికి సరుకు ఇంకా బాగుంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ వాళ్ళు గ్యాసును నీళ్ళలో కరిగించి నల్లరాతి పొరల్లోకి, అంటే బసాల్టులోకి పంపారు. రెండేళ్ళలో 95 శాతానికి పైగా రాయైపోయింది. అదే జాతి రాయి దక్కన్ పీఠభూమి నిండా ఉంది, వికారాబాద్, జహీరాబాద్ దాకా వచ్చింది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దానిమీద పరిశోధన కూడా చేశారు. ‘మన కాళ్ళ కిందే పరిష్కారం’ అని గట్టిగా చెప్పి కూర్చోండి. ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను గ్యాసుకు పాతిక టన్నుల నీళ్ళు కావాలన్నది మాత్రం వేసవిలో బోర్లు ఎండిపోయే రైతు ముందు అనకండి. గాలినుంచే నేరుగా పట్టేస్తామనే మాట కూడా చెవికి ఇంపుగా ఉంటుంది. ఐస్‌లాండ్‌లోనే 2021లో తెరిచిన ఓర్కా యంత్రాల సామర్థ్యం ఏడాదికి 4 వేల టన్నులు. మన రామగుండం ఎన్‌టీపీసీ అన్ని యూనిట్లూ పూర్తిగా నడిస్తే దాదాపు రెండు గంటల్లో అంత వదులుతుంది.

ఇక ఖచ్చితంగా చేయకూడని పని నార్వే వెళ్ళడం. అక్కడ 1991లోనే సముద్రం మీది చమురు, గ్యాసు కంపెనీలు వదిలే కార్బన్ మీద పన్ను వేశారు. స్లైప్నర్ బావి గ్యాసులో కార్బన్ డయాక్సైడు 9 శాతం దాకా ఉంటే ఎలాగూ తీసేయాలి. తీసింది గాలికి వదిలితే టన్నుకు పన్ను, పాతితే లేదు. కంపెనీ కూర్చుని లెక్క వేసుకుంది, 1996 నుంచి ఉత్తర సముద్రం అడుగున ఉప్పునీటి ఇసుకరాతిలోకి పంపుతూనే ఉంది. అదే అమీన్, అదే పంపు. కాబట్టి ఎన్ని చర్చలకైనా వెళ్ళండి, ఎన్ని నివేదికలైనా అచ్చేయించండి, టన్నుకింత అని కట్టే పన్నును మాత్రం మన దేశంలో పుట్టనివ్వకండి.

సిమెంటువాళ్ళకు విడిగా ఒక హెచ్చరిక. సున్నపురాయిని కాలిస్తే ఆ రాతిలోంచే గ్యాసు వస్తుంది. బొగ్గు మానేసి సౌరవిద్యుత్తు పెట్టినా అది ఆగదు. పట్టడం తప్ప పెద్దగా దారి లేని పరిశ్రమ మీది. అందుకే నార్వేలోని బ్రెవిక్ అనే ఊరి పేరు మీ ఇంజనీర్ల చెవిన పడకుండా చూసుకోండి. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ తాను వదిలేదాంట్లో సగం, ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టేలా 2025లో యంత్రాలు మొదలుపెట్టింది. ఖర్చులో ఎక్కువ భాగం నార్వే ప్రభుత్వం పెట్టుకుంది. పట్టిన గ్యాసు ఓడలో వెళ్ళి సముద్రగర్భం కింద దాదాపు 2,600 మీటర్ల లోతుకు దిగుతోంది. తాండూరు నుంచో, మాచర్ల నుంచో మీ ఇంజనీరు ఒకసారి వెళ్ళి చూసొచ్చాడంటే, మనం ఎప్పుడు మొదలుపెడతాం సార్ అని అడుగుతాడు. దానికి చెప్పే జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర అసలే లేదు.