గ్లోబు మీద ఏడు సెంటీమీటర్లు

నేను గ్లోబును. అడ్డకొలత ముప్పై సెంటీమీటర్లు. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, సివిల్స్‌కు చదివేవాళ్లుండే ఒక మూడో అంతస్తు గదిలో, లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం పక్కన నా మకాం. నన్ను కొన్నవాడు ఏనాడో గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. అప్పటినుంచి పరుపుతో, కూలర్‌తో పాటు సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకు చేతులు మారుతున్నాను. ఇరుసు వదులైంది. పసిఫిక్‌లో ఒక టీ మరక ఉంది. గదికి వచ్చిన ప్రతి కొత్తవాడూ దాన్ని దీవి అనుకుని పేరు వెతుకుతాడు.

ఇప్పుడు ఇద్దరున్నారు: శ్రీకాకుళం అన్న, అనంతపురం తమ్ముడు. తమ్ముడికి అనుమానాలెక్కువ.

"అన్నా, ఏజీఎంయూటీ కేడర్ వస్తే లేహ్ నుంచి అండమాన్‌కి బదిలీ చేసేస్తారా?"

"చెయ్యొచ్చురా. లదాఖ్, అండమాన్ రెండూ ఆ కేడర్‌లోని కేంద్రపాలిత ప్రాంతాలే కదా."

"ఎంత దూరముంటుంది?"

ముందు ప్రిలిమ్స్ గట్టెక్కితే కదా అనుకున్నాను. అన్న మాత్రం దుప్పటి అంచులోంచి ఓ దారం పీకి, ఒక కొస లేహ్ మీద, రెండోది పోర్ట్ బ్లెయిర్ మీద అదిమి బిగించాడు. బిగిస్తే చాలు, దారమే దగ్గరి దారి వెతుక్కుంటుంది. గోడమీది పటానికి ఆ విద్య రాదు. ఏడు సెంటీమీటర్లకు పిసరు తక్కువ. నా మీద సెంటీమీటరంటే దాదాపు 425 కిలోమీటర్లు. వెరసి 2,940 కిలోమీటర్లు. ఎక్కడం దిగడం కలుపుకున్నా జెట్ విమానానికి నాలుగు గంటల పని.

ఢిల్లీ మీదుగా పోతే పెరిగేది 170 కిలోమీటర్లే, నా మీద నాలుగు మిల్లీమీటర్లు. కానీ తిరుగుదారిలో సాయంత్రం ఢిల్లీలో దిగినవాడికి ఆ పూట లేహ్ విమానం దొరకదు, తెల్లారేదాకా ఆగాల్సిందే. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఎండెక్కితే ఇంకా పలచబడి రెక్కలకు ఊతం చాలదు. మధ్యాహ్నమైతే సింధు లోయలో ఈదురుగాలులు. అందుకే రాకపోకలు ఎక్కువగా పొద్దున్నే. చలికి పేరుపడ్డ ఆ ఊళ్లో 2024 జూలైలో ఎండవేడికి విమానాలు రద్దయ్యాయంటే తమ్ముడు నమ్మలేదు, ఫోన్లో చూసుకున్నాడు.

గాలి అడ్డుపడటమే కాదు, తోస్తుంది కూడా. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం పెరిగి 15,300 కిలోమీటర్లయింది, ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలులు వెనకనుంచి తోశాయి మరి. ఆ దారి నా టీ మరక పక్కనుంచే పోతుందని అన్న వేలితో చూపించాడు. నాకది గొప్పే.

తమ్ముడు దారం తీసుకుని ఈసారి విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పట్టాడు. మూడు సెంటీమీటర్లు కూడా లేదు.

"ఇంత దగ్గరా! 2024లో పేరు మార్చారు కదన్నా, శ్రీవిజయపురం అని?"

"ఎప్పుడో వలసెళ్లిన మా వైపు జాలర్లు అక్కడ బోలెడుమంది. వాళ్లకది ఇంకా పోర్ట్ బ్లెయిరే."

"విమానంలో వెళ్లారా?"

"ఓడలోరా. రెండు రోజులకు పైనే పడుతుంది. పడుకో, పొద్దున్నే టెస్టుంది."