మేళ్లచెరువు గట్టున మిగిలిన గుర్రము

నా పుట్టుక పారసీక సముద్రతీరమున; నా మరణము మేళ్లచెరువు గట్టున. ఈ రెంటికి నడుమ నేను చూచినదెల్ల శ్రీకృష్ణదేవరాయల యేలుబడియే. హొర్ముజు రేవున ఓడ నెక్కించిన మా గుంపులో సగము గోవా చేరకమునుపే సముద్రము పాలయ్యెను. విజయనగరపు లాయములో ముసలి గుర్రములు చెప్పుకొనెడి మాట యొకటి కలదు: సాళువ నరసింహరాయల కాలమున దారిలో చచ్చిన గుర్రమునకు సైతము, వర్తకుడు దాని తోకను తెచ్చి చూపినచో, బ్రతికినదానితో సమానముగా వెల ముట్టెడిదట. అంతటి వెల యెందుకో ‘ఆముక్తమాల్యద’ చదివినవారికి తెలియును. ఏనుగులను గుర్రములను తెచ్చెడి దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి పగవారి చేత పడకుండ చూచుకొనుమని కృష్ణరాయలే అందు రాజనీతి చెప్పినాడు.

రాయలు నా వీపు నెక్కినది ఒక్కనాడే. తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల ఆ నూనెయే పట్టించి, బరువు లెత్తి, కత్తి త్రిప్పి, జెట్టితో పెనగి, ఆ పిమ్మట గుర్రమెక్కి తెలవారువరకు మైదానమున పరుగెత్తించుట ఆయన నిత్యకృత్యము. నడిమి పొడవు మనిషి. మొగమున మశూచికపు మచ్చలు. మెడపై చేయి వైచి నిమిరినప్పుడు నా జూలు కంటిన ఆ నూనెవాసన రెండు దినములు విడువలేదు. మూడవనాడు నన్నొక నాయకుని దండునకు పంపివేసిరి.

1515 జూన్ 23న, రాయల పగవాడైన గజపతి చేతనున్న కొండవీడు లొంగినది. ఆతని కుమారుడు వీరభద్రుడు చిక్కినాడు. వరద తీసిన పిమ్మట మా నాయకుని దండు తంగెడ దాటి, మట్టపల్లి రేవున పుట్లవెంట కృష్ణ నీది, ఉత్తరపుటొడ్డు చేరినది. అనంతగిరి, ఉండ్రుగొండ, ఊర్లుగొండ, అర్వపల్లి, నల్లగొండ, ఖమ్మంమెట్టు: శాసనములలో వరుసగా నిలిచిన ఆ దుర్గములలో నేను చూచినది ఒక్కటియు లేదు. ఈ మేళ్లచెరువు సీమ సున్నపురాతి నేల. మట్టికింద దాగిన బండ అంచు కత్తివలె కోసి, నా ముందుకాలి గిట్ట నిలువున చీలెను. రౌతు జీను విప్పి వేరొక గుర్రమున కెక్కించుకొని పోయినాడు.

నన్ను కాచెడి సాహిణి పోలేదు. చెరువు గట్టున తుమ్మచెట్టు నీడను నన్ను నిలిపి, వేపాకు నూరి గిట్టకు కట్టి, తన పాలి గింజలు ఊరిలో మార్చి ఉలవలు తెచ్చి, గుగ్గిళ్లు చేసి దోసిట పట్టి తినిపించెడివాడు. ఉదయమున స్వయంభువైన శంభులింగేశ్వరునకు మ్రొక్కి వచ్చెడివాడు. ఆ లింగము శిరస్సున గల గుంటలో నీరు ఎన్నడును ఇంకదని ఊరివారి నమ్మకము. కడపటి దినములలో గుగ్గిళ్లు మింగలేక నేను మూతి త్రిప్పుకొన్నప్పుడు, తడిచేతితో నా నాలుక తుడిచి, “రెండు గుక్కలు త్రాగు నాయనా” అనెడివాడు.

నేను మట్టిలో కలిసిన కొన్నాళ్లకు గజపతితో సంధి కుదిరినది. రాయలు ఆతని కూతురిని పెండ్లాడి, కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమ నంతయు ఆతనికే తిరిగి యిచ్చివేసెను. నా గిట్ట చీలిన నేలయు అందులోనిదే. గెలిచినది విడువగల చేయి అరుదు. నా మెడ నిమిరిన చేయి అదియే యని తలచినప్పుడెల్ల నాకు రోషము కలుగదు, ఆ నూనెవాసనయే తోచును.

నేడు ఆ సున్నపురాయిని తవ్వి సిమెంటు చేయుచున్నారు. శివరాత్రి జాతరలో ఎడ్లు బండలాగునప్పుడు నేల అదరును. ఆ గిట్టల చప్పుడులో నేను వెదకెడిది రాయల దండు కాదు. ఉలవలమూట భుజాన వైచుకొని గట్టెక్కి వచ్చెడి వట్టికాళ్ల అడుగుల సవ్వడి.