జననీజనక సమేత ఫిడేలు విద్య

పూర్వము ఫిడేలు నేర్చుకొను పిల్లవానికి ఒక వాద్యము, ఒక గురువు, తన్నెవ్వరును గమనింపని యొక మూలగది యున్న చాలునని లోకము భ్రమపడుచుండెడిది. ఇప్పుడా భ్రమ తొలగినది. శిష్యుడు రెండు చేతులతో ఫిడేలును పట్టుకొని సతమతమగుచుండగా, తల్లి చరవాణితోను, తండ్రి నోటుపుస్తకముతోను వాని కిరుప్రక్కల నాసీనులై, గురువు నోరు విప్పినంతనే వీడియో తీయుచు, మూసినంతనే వ్యాఖ్యానము చేయుచు నుండుటకు ‘తల్లిదండ్రుల క్రియాశీల భాగస్వామ్య’ మని నామకరణము జరిగినది. ఈ తతంగమున పిల్లవాడు కూడ నప్పుడప్పుడు పాల్గొనుచుండునని వినికిడి.

ఈ మతమునకు మూలపురుషుడు జపాను దేశీయుడైన షినిచి సుజుకీ యని చెప్పుదురు. 1898లో నగోయాలో ఫిడేళ్ల కార్ఖానా యజమాని యింట పుట్టి, బెర్లినులో విద్య నభ్యసించి, రెండవ మహాయుద్ధము ముగిసిన పిమ్మట మత్సుమోతో పట్టణమున పిల్లలకు బోధింప నారంభించిన యా మహానుభావుడు, జపాను పిల్లలందఱును జపాను భాష నవలీలగా మాటాడుచున్నారు గదా, ఆ తీరుననే సంగీతము నేల నేర్వరాదని తర్కించి, మాతృభాషా పద్ధతి యని యొక మార్గమును వేసెను. పిల్లవాడు పాటను ముందు పదేపదే వినవలెను. తల్లి పాఠమునకు వచ్చి కూర్చుండవలెను. ఇంట సాధన చేయింపవలెను. ఇంతవఱకు మనవారు శ్రద్ధాభక్తులతో పాటించుచునే యున్నారు. కాని యాయన మఱియొక మాట కూడ చెప్పియున్నాడు: పిల్లవాని చేతికి ఫిడేలు రాకమునుపే తల్లి తాను కమాను పట్టి యొక్క పాటయైన వాయింప నేర్వవలెననియు, ఆమె వాయించుచుండగా చూచి ‘నాకీయవా’ యని పిల్లవాడే చేయి చాపవలెననియు. ఈ యొక్క వాక్యము మాత్రము ఓడలో వచ్చుచు నడిసముద్రమున జాఱిపోయి యుండును. మన యొడ్డుకు చేరలేదు.

కమాను పట్టనివారికి దాని కష్టము తెలియదనుట వారిని నిందించుట గాదు. అది వారి భాగ్యము. నేలమీద కూర్చుండి, వాద్యపు శిరస్సును కుడిపాదపు చీలమండపై నానించి, షడ్జ పంచమములకు శ్రుతి చేసిన నాలుగు తంత్రులలో ఒక్కదానిని, ప్రక్కదానిని తాకకుండ, కమానుతో ఈ కొసనుండి యా కొసవఱకు వంకరపోనీయక లాగుటకే నెలలు పట్టును. చిటికెనవ్రేలు బిగిసిన ధ్వని కీచుమనును. సడలిన కమాను జాఱును. సోఫాపై నుండి చూచువారి కిదంతయు అశ్రద్ధగా కనబడుట సహజము గనుక, “చేయి వదులు చెయ్యవే అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!” అని పండ్లు బిగించి, పిడికిలి బిగించి బోధించుచుందురు. వదులు చేయుటను బిగువుగా నేర్పు నీ కళ మాత్రము నిస్సంశయముగా మన స్వంతము.

మాట వచ్చినప్పుడెల్ల మొజార్టు తండ్రిని ఉదాహరించుట వీరికి పరిపాటి. లియోపోల్డ్ మొజార్టు కుమారుని ఇంట కూర్చుండబెట్టి విద్య నేర్పిన మాట నిజమే. కాని యాయన సాల్జ్‌బర్గు ఆస్థానమున ఫిడేలు వాయించి జీతము తెచ్చుకొన్నవాడు. కొడుకు పుట్టిన 1756లోనే, ఫిడేలు బోధనపై యాయన వ్రాసిన గ్రంథము అచ్చయినది. మనవారు గ్రంథమును వదలి, ఫిడేలును వదలి, తండ్రిని మాత్రము గ్రహించినారు. అంత దూరమేల? ద్వారం వేంకటస్వామి నాయుడు గారికి తొలి పాఠములు చెప్పినది అన్నగారైన వేంకటకృష్ణయ్య గారే. అయితే యా యన్నగారికి ఫిడేలు వచ్చును. 1919లో తమ్ముడు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోగా, ఆ వాయింపు విని ఆచార్యునిగానే నియమించిరి. ఆ దినమున ప్రక్కన నిలిచి “చిటికెనవ్రేలు, నాయనా, చిటికెనవ్రేలు” అని హెచ్చరించువా రెవ్వరైన నుండియుండినచో, ఆ కళాశాలాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు వాయింపు పూర్తికాకమునుపే లేచిపోయి యుందురని నా నమ్మకము.

అమెరికాలోని తెలుగువారి యిండ్లలో ఈ శాస్త్రము మఱింత వికసించినది. క్లీవ్‌లాండులో 1978 నుండి జరుగుచున్న త్యాగరాజారాధనోత్సవముల పోటీలకు పిల్లను పంపదలచినచో, చెన్నపట్టణములోని గురువు తనకు తెల్లవాఱుచుండగా, వారికి ప్రొద్దు గ్రుంకుచుండగా తెరమీద సాక్షాత్కరించును. కమాను లాగిన నాదమును వట్టి రొదయని భ్రమించి యంత్రము నడుమ నడుమ మ్రింగివేయును. మ్రింగిన స్వరమును తండ్రి నోటితో పూరించును.

ఇక ఇక్కడి సంగతి. ఒక యింట తోడివర్ణము పాఠము జరుగుచుండగా నేను కూర్చుంటిని. తంత్రుల క్రింది నల్లపలకమీద స్వరస్థానముల కన్నింటికి రంగురంగుల స్టిక్కర్లు అంటించియుండెను. తండ్రిగారు ట్యూనర్ యాప్ తెఱచి, స్వరము సరియైన పచ్చదీపము, తప్పిన నెఱ్ఱదీపము వెలుగునట్లు కూతురి యెదుట నిలిపిరి. తోడి గాంధారము కదలకున్న తోడియే కాదు. ఆ పిల్ల గురువు చెప్పినట్లే దానిని చక్కగా నూపుచుండెను. ఊపినప్పుడెల్ల ఎఱ్ఱదీపము. “మళ్లీ తప్పు” అని తండ్రిగారు నోటుపుస్తకమున గీత గీయుదురు. కొంతసేపటికి పాప వివేకవంతురాలై, గాంధారమును కఱ్ఱవలె నిలబెట్టెను. పచ్చదీపము వెలిగినది, తల్లి చప్పట్లు కొట్టినది, గురువుగారు కన్నులు మూసికొనిరి.

ఆపై నాయన మిక్కిలి వినయముగా, “బాబుగారూ, వచ్చేవారం నుంచి మీరు కూడా ఒక ఫిడేలు తెచ్చుకొని అమ్మాయి పక్కన కూర్చోండి. సరళీ స్వరాలు మొదలుపెడదాం” అనిరి.

“నాకెందుకు మాస్టారూ! కింద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి. పైగా సంగీతానికి నాకు బొత్తిగా చెవి లేదు” అని తండ్రిగారు నవ్వి, వెంటనే కూతురివైపు తిరిగి, “ఆ నిషాదం చూసుకో, ఎర్రగా ఉంది” అనిరి.