లారీకి టానిక్కు

హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ దిగి కొండాపూర్ వైపు పోతుంటే స్పేర్‌పార్టుల దుకాణం ఏదైనా సరే, అద్దాల బీరువాలో ముందు వరసంతా రంగురంగుల సీసాలే. ఫిల్టర్లు, బెల్టులు అడిగితే లోపల్నుంచి వెతికి తెస్తారు. డీజిల్ యాడిటివ్ అట. ట్యాంకులో ఇంత పోస్తే మైలేజీ పెరుగుతుందట, పొగ తగ్గుతుందట, నాజిళ్లు వాటంతటవే శుభ్రపడతాయట. మైనస్ ఇరవై డిగ్రీల్లో కూడా డీజిల్‌ను గడ్డకట్టనివ్వనని ఒక సీసా మీద రాసి ఉంది. లడాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019లో మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చారు, అక్కడ అది అవసరం. పటాన్‌చెరు నుంచి ఇక్కడికి కంకర తోలే టిప్పర్‌కి ఎందుకయ్యా? మనకు డిసెంబర్‌లో పది డిగ్రీలు పడితేనే పేపర్‌లో ఫొటో వేస్తారు.

నేను డీజిల్ పంపు మెకానిక్‌ని. నేను పనిలోకి వచ్చినప్పుడు టాటా 1210లు, లేలాండ్ కామెట్లు బొంబాయి రోడ్డు మీద తిరిగిన రోజులవి. జహీరాబాద్‌లో మన ఆల్విన్ వాళ్లు నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసేవాళ్లు, అవీ వచ్చేవి. ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. ఇక్కడ చౌరస్తాకి మాత్రం ఆల్విన్ పేరే మిగిలింది; ఆల్విన్ అంటే ఏమిటని కుర్రాళ్లనడిగితే బస్టాప్ అంటారు.

మా కాలపు డీజిల్ మంచిదని నేననను. 1990ల మొదట్లో అందులో గంధకం ఒక శాతం దాకా ఉండేది. అంటే లక్ష కిలోల డీజిల్‌లో వెయ్యి కిలోలు. అది కాలి యాసిడ్‌గా మారి ఇంజన్ ఆయిల్‌ని తినేసేది. ఇప్పుడు ఆ లక్షలో ఒక్క కిలో ఉంటే గొప్ప. 2005లో మన ఊరికి 350 పీపీఎం (పది లక్షల్లో 350 పాళ్లు) డీజిల్, 2010లో 50, 2020 నుంచి దేశమంతా 10. ఆ రోజుల్లో సాయంత్రం షాపు మూసి ఇంటికి పోతే చొక్కా కంపుకి మా ఆవిడ గడప బయటే నిలబెట్టేది. ఆ బాధ ఇప్పటివాళ్లకి లేదు, ఒప్పుకుంటా.

పైగా కల్తీ. రేషన్ కిరోసిన్‌కి సర్కారు నీలం రంగు కలిపేది, పేదవాడి స్టవ్వుకి పోవాల్సింది ఇంకో చోట తేలితే పట్టుకోవాలని. అయినా డీజిల్‌లో కలిపేవాడు కలుపుతూనే ఉండేవాడు. కిరోసిన్‌లో జిడ్డు లేదు, పంపులో ప్లంజర్ గీసుకుపోతుంది. అందుకని డ్రైవర్లు ట్యాంకులో ఓ లీటరు ఇంజన్ ఆయిల్ కుమ్మరించేవాళ్లు. అప్పటి యాడిటివ్ అదే. పొగ నల్లగా వస్తే డీజిల్ ఎక్కువైందనో గాలి చాలలేదనో, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, తెల్లగా వస్తే కాలకుండానే పోతోందని దూరం నుంచే చెప్పేవాళ్లం. నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి చేత్తో పంపు కొడితే మంచు తుంపరలా పడాలి, సన్నగా కిర్రుమనాలి. ధారగా పడిందంటే అది పోయినట్టే. ఆ తుంపర కింద చెయ్యి పెట్టొద్దని ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పేవాణ్ణి, చర్మంలోకి దూసుకుపోతుంది.

అన్నిటికన్నా పెద్ద మందు క్లీనర్ పిల్లగాడు. పొద్దున్నే బండి తీసే ముందు ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి నీళ్లు వదిలేవాడు. ఎయిర్ పడితే ప్రైమర్ కొట్టి తీసేవాడు. రాత్రి బండి నిలిపే చోట ట్యాంకు నింపించేవాడు, ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుందని. ఇప్పుడు చాలా బండ్లకు క్లీనరే లేడు. ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని డాష్‌బోర్డ్‌లో లైటు వెలుగుతుంది, డ్రైవర్ దాని మీద దేవుడి స్టిక్కర్ అంటిస్తాడు.

మొన్న ఒక కాంక్రీట్ మిల్లర్ డ్రైవర్ వచ్చాడు.

"ఉస్తాద్, ఈ సీసా పోస్తే లీటరుకు అర కిలోమీటరు ఎక్కువిస్తదంట, నిజమేనా?"

"ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చినవ్ బిడ్డా?"

"దసరాకు."

"ఏ దసరాకు?"

మాట్లాడలేదు.

ఆ మిల్లర్ రోజంతా డ్రమ్ము తిప్పుకుంటూ మాదాపూర్ ట్రాఫిక్‌లో నిలబడి ఉంటుంది. దానికి మైలేజీ సీసాలోంచి వస్తుందా? టైర్లో గాలి, క్లచ్చు మీద కాలు ఉంచకపోవడం, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడం... ఇవి ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ కొనరు.

అసలు సంగతి ఈ పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు. గంధకం తీసే పనిలో డీజిల్‌లోని సహజమైన జిడ్డు కూడా పోతుంది. 1990ల మొదట్లో స్వీడన్‌లో గంధకం బాగా తగ్గించిన డీజిల్ తెస్తే పంపులు వరసగా పాడయ్యాయి. అప్పటినుంచి ప్రపంచమంతా జాగ్రత్తపడింది. మన ప్రమాణంలో కూడా రాసుంది: పరీక్షలో ఉక్కు గుండు రాపిడికి పడే గాటు 460 మైక్రాన్లు దాటకూడదు. డీజిల్‌లో జిడ్డు చాలకపోతే రిఫైనరీలోనే మందు కలిపి పంపుతారు. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ కూడా అంతే, ఒకప్పుడు 45 ఉంటే చాలు, ఇప్పుడు కనీసం 51. చెయ్యాల్సిన వైద్యమంతా చేయించుకున్నాకే డీజిల్ బంకుకి వస్తోంది. ఆ పైన ఇంకో టానిక్కు తాగించి దానికి ఏం కండలు పెంచుతారు?

పెంచకపోతే పోనీ, చెరచకుండా ఉంటే చాలు. ఇప్పటి కామన్ రైల్‌లో ఒత్తిడి రెండు వేల బార్ల దాకా పోతుంది. లారీ టైర్లో ఉండేది ఎనిమిది, తొమ్మిది. మా కాలపు మైకో పంపు ఇసుక తప్ప అన్నీ అరిగించుకునేది. ఈ ఇంజెక్టర్ ఏ చిన్న నలకకైనా మొరాయిస్తుంది. సైలెన్సర్ దగ్గర మసి పట్టే ఫిల్టర్ ఒకటి. మసిని అది కాల్చుకోగలదు గానీ లోహం కలిసిన మందులు పోస్తే మిగిలే బూడిదని కాల్చుకోలేదు, పూడిపోతుంది. కంపెనీకి తీసుకుపోతే వారంటీ కాగితంలో చిన్న అక్షరాలు చూపిస్తారు.

ఇక నీలి మూత సంగతి. ఆ మూత తీసి పోసేదాన్ని డీఈఎఫ్, డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్ అంటారు. 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసిన నీళ్లు. అది డీజిల్ మందు కాదు, దాని ట్యాంకు వేరు, పొగలోకి చిమ్ముతుంది. వంద లీటర్ల డీజిల్‌కి ఐదు లీటర్ల దాకా తాగుతుంది, అయిపోతే బండి ముక్కుతూ నడుస్తుంది. పేరులో డీజిల్ ఉంది కదా అని డీజిల్ ట్యాంకులో పోసి బండిని మొత్తం విప్పించుకున్న మహానుభావుడు కూడా నా దగ్గరికి వచ్చాడు. ఇందులోనూ కక్కుర్తే. రైతుకిచ్చే 45 కిలోల సబ్సిడీ బస్తా 267 రూపాయలకే వస్తుందని దాన్నే నీళ్లలో కరిగించి క్యాన్లకెత్తేవాళ్లున్నారు. ఆ యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, శుభ్రత ఉండదు. సైలెన్సర్‌లో ఖరీదైన భాగమంతా గడ్డకడుతుంది. 2025 వానాకాలంలో మన రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. ఇక్కడ దాన్ని పొగగొట్టంలో పోస్తారు.

సీసాలన్నీ పనికిరానివని మాత్రం అనను. అవసరం ఉన్న చోటు ఒకటుంది, అక్కడ ఎవరూ వాడరు. ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో జనరేటర్లు ఉన్నాయి. కరెంటు పెద్దగా పోదు కాబట్టి పోసిన డీజిల్ నెలల తరబడి అలాగే ఉంటుంది. అడుగున నీళ్లు చేరి, నీళ్లకీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగట పొర కడుతుంది. ముందు నీళ్లు తీసి, ట్యాంకు కడిగి, ఆ జీవుల్ని చంపే మందు కొలత ప్రకారం వెయ్యాలి. ఒక సొసైటీ సెక్రటరీ గారికి ఇదే చెప్పాను. సాఫ్ట్‌వేర్ ఆయన, మర్యాదగానే విన్నారు. ట్యాంకు కడగడానికి కమిటీ తీర్మానం కావాలట. ఈలోగా ఆయన కారులో పోసుకోవడానికి ఏ సీసా మంచిదో చెప్పమన్నారు.